గొంతు ఊపిరిదా, మాటదా?

భోజనం మధ్యలో పొలమారితే నెత్తిమీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని అనడం కోదాడలోనైనా కోనసీమలోనైనా ఒకటే అలవాటు. తలుచుకున్నవాళ్ళ సంగతి అలా ఉంచితే, ఒక మెతుకు తన దారి వదిలి ఊపిరి దారి వైపు పోబోయిందన్నది మాత్రం నిజం. అన్నం, గాలి వెళ్ళే రెండు దారులు గొంతులో ఒకదాన్నొకటి ఎందుకు దాటుకోవాలి? దీనికి గత యాభై ఏళ్ళుగా ఒక జవాబు బాగా ప్రచారంలో ఉంది. మనిషికి మాట రావడానికే స్వరపేటిక మెడలో కిందికి దిగిందని, ఆ మాటకు మనం కడుతున్న సుంకమే పొలమారడమని ఆ జవాబు సారాంశం.

వినడానికి ఇంపుగా ఉన్నందువల్లే ఇది అంతగా పాకింది. ఈలోగా శరీర నిర్మాణం చదివేవాళ్ళు, ఎముకలు తవ్వేవాళ్ళు, జంతువుల అరుపులు కొలిచేవాళ్ళు, మెదడు నరాలను వెతికేవాళ్ళు ఎవరి వైపు నుంచి వాళ్ళు దీన్ని లాగారు. ఇప్పుడు తగవు చిక్కుపడిపోయింది. ఏ ముడి ఎక్కడ పడిందో, ఏది వీడిందో, ఏది ఇంకా బిగిసే ఉందో చూడటం ఈ వ్యాసం పని.

రెండు దారులు కలిసే చోటు

పుర్రె అడుగు నుంచి మెడలోని ఆరో వెన్నుపూస దాకా దిగే కండరాల గొట్టాన్ని గ్రసని అంటారు. పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు 12, 13 సెంటీమీటర్లు. పైభాగం ముక్కు వెనక, నడిమి భాగం నోటి వెనక, కింది భాగం స్వరపేటిక వెనక ఉంటాయి. అద్దం ముందు నోరు తెరిచి 'ఆ' అంటే వేలాడుతూ కనిపించేది కొండనాలుక, దానికి అటూఇటూ ఉన్నవి టాన్సిల్స్. అక్కడి నుంచి కిందికి మన చూపు పోదు. నాలుక మొదలు వెనక ఆకు ఆకారంలో ఉన్న మృదులాస్థి ఉపజిహ్విక. దాని కింద స్వరపేటిక, అందులో ముందు నుంచి వెనక్కి సాగే రెండు స్వరతంత్రులు. మగవాళ్ళలో వీటి పొడవు రెండు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ, ఆడవాళ్ళలో ఒకటిన్నర సెంటీమీటరు.

తలలో ముక్కు దారి పైన, నోటి దారి కింద ఉన్నాయి. మెడలోకి వచ్చేసరికి శ్వాసనాళం ముందుకు, అన్నవాహిక వెనక్కి చేరాయి. వరస తారుమారైంది గనక గ్రసనిలో ఎక్కడో ఒకచోట రెండూ దాటుకోక తప్పదు. మింగేటప్పుడు జరిగేదంతా ఆ కూడలిని కాసేపు కట్టేయడమే. రైలు వచ్చే వేళకు రోడ్డు మీద గేటు పడ్డట్టు, ముద్ద నాలుక మొదలు దాటగానే ఊపిరి ఆగుతుంది. మెత్తని అంగిలి లేచి ముక్కు వైపు దారి మూస్తుంది. స్వరపేటిక పైకీ ముందుకూ జరిగి నాలుక మొదలు కింద దాక్కుంటుంది. స్వరతంత్రులు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, ఉపజిహ్విక వెనక్కి వాలుతుంది, అన్నవాహిక నోటి దగ్గర బిగిసి ఉన్న కండరం వదులవుతుంది. పాతిక జతలకు పైగా కండరాలు కలిసి చేసే ఈ పని ఒక సెకనులో ముగుస్తుంది. కంఠముడి మీద వేలు పెట్టి గుటక వేస్తే, అది లేచి మళ్ళీ దిగడం ఎవరికైనా తెలుస్తుంది.

పాఠ్యపుస్తకాలు ఘనతంతా ఉపజిహ్వికకు కట్టబెట్టి దాన్ని మూత అంటాయి. క్యాన్సర్ వల్ల ఉపజిహ్విక తీసేసిన రోగులు కొన్నాళ్ళ సాధనతో మళ్ళీ మింగగలుగుతారు. అసలు కాపలా స్వరపేటిక లేవడంలో, తంత్రులు మూసుకోవడంలో ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు మింగడం కష్టమయ్యేది కూడా గొంతు ఆకారం మారినందువల్ల కాదు. గేటు పడాల్సిన క్షణానికి పడదు, మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ఆకారం వేరు, దాన్ని నడిపే వేళాపాళా వేరు. ముందు ముందు వచ్చే తగవు సగం ఈ తేడా మీదే నడుస్తుంది.

కాపలా ముందు, కేక తర్వాత

ఈ కూడలి విడ్డూరాన్ని 1859లో చార్లెస్ డార్విన్ 'జాతుల పుట్టుక'లోనే ఎత్తిచూపాడు. మింగే ప్రతి ముద్దా శ్వాసనాళం నోటి మీదుగా పోవాల్సి రావడం వింత కాదా అని ఆయన ప్రశ్న. జవాబు చేపల్లో దొరుకుతుంది. ఊపిరితిత్తి ఆహారనాళం అడుగు భాగం నుంచి మొలిచిన తిత్తి. ముక్కు రంధ్రాలేమో తల పైభాగాన ఉన్నాయి. పై రంధ్రం నుంచి అడుగు తిత్తికి గాలి పోవాలంటే తిండి దారిని దాటాల్సిందే. కప్పకూ బల్లికీ బర్రెకూ కూడా ఈ కూడలి ఉంది. అంటే మనిషి మాటకు కోట్ల ఏళ్ళ ముందే అది ఏర్పడింది. మాట వల్లే దారులు కలిశాయనే వాదం ఇక్కడే సగం వీగిపోతుంది. మిగిలేది రెండో సగం: ఉన్న కూడలి మనిషిలో ఎందుకు అంత కిందికి జరిగింది?

స్వరపేటిక మొదటి ఉద్యోగం ఏమిటన్న దానికి గట్టి సమాధానం ఇచ్చినవాడు బ్రిటిష్ వైద్యుడు విక్టర్ నెగస్. 1929లో వచ్చిన ఆయన గ్రంథం ఊపిరి పీల్చే చేపల నుంచి మనిషి దాకా స్వరపేటికలను వరసగా కోసి చూపింది. అది మొదట నీరూ తిండీ లోపలికి పోకుండా మూసే కవాటమని, ధ్వని తర్వాత వచ్చి చేరిన పని అని ఆయన తేల్చాడు.

కవాటం ఎంత బలమైనదో చూడాలంటే మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గరికి పోతే చాలు. హమాలీ బస్తా ఎత్తే ముందు గట్టిగా గాలి పీల్చి బిగబడతాడు. అప్పుడు స్వరతంత్రులు మూసుకుని గాలిని ఛాతీలో బంధిస్తాయి, ఛాతీ గట్టిపడుతుంది, భుజాలకూ వెన్నుకూ ఆనుకోను పట్టు దొరుకుతుంది. బస్తా వీపుకెక్కాక వచ్చే 'హా' అన్న శబ్దం ఆ తలుపు తెరుచుకున్న గుర్తు. దగ్గుకూ, ముక్కడానికీ, కాన్పు నొప్పులకూ ఇదే మూత కావాలి. మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టిన రోగి మునుపటంత బలంగా దగ్గలేడు, బరువు ఎత్తలేడు. కవాటం ఉంది, గాలి దాన్ని తప్పించుకుపోతోంది.

నెగస్ తీర్పును ఇప్పటికీ ఎవరూ తోసిపుచ్చలేదు. ఈ మొత్తం తగవులో నిలదొక్కుకున్న పాత నిర్ణయం ఇదొక్కటే అనిపిస్తుంది.

కంఠబిలం గురించి ముందు తెలిసినవాళ్ళు

ధ్వని ఎలా పుడుతుందన్న ప్రశ్నకు యూరప్ చరిత్ర చాలా ఆలస్యంగా మొదలవుతుంది. 1741లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్రాన్ శవాల స్వరపేటికల్లోకి గాలి ఊది, ఈ మడతలు తంతివాద్యపు తంతుల్లా మోగుతాయన్నాడు. తంత్రులన్న పేరు అప్పుడే స్థిరపడింది. గాయకుల గురువు మాన్యుయెల్ గార్సియా చిన్న అద్దాలతో తన గొంతులోని తంత్రులను తానే చూసి 1855లో లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. 1950లో హుస్సోన్ అనే ఫ్రెంచివాడు ఒక్కో కంపనానికీ మెదడు నుంచి ఒక్కో నరాల సంకేతం వస్తుందన్నాడు. 1958లో వాన్ డెన్ బెర్గ్ ఆ లెక్క కుదరదని చూపాడు. మెదడు తంత్రులను దగ్గరికి తెచ్చి బిగిస్తుందంతే, కంపనం పుట్టించేది ఊపిరి ఒత్తిడి, కండ సాగుడుగుణం. సెకనుకు మగ గొంతులో నూటికి పైగా, ఆడ గొంతులో రెండు వందలకు పైగా సార్లు ఆ మడతలు విడిపోయి కలుస్తాయి. ఈ అంశం మీద ఇప్పుడు పెద్ద వివాదం లేదు.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తెలుగునాట వేదం చదివే కుటుంబాల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖ. ఆ శాఖ ఉచ్చారణ శాస్త్రమైన తైత్తిరీయ ప్రాతిశాఖ్యం, కంఠబిలం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాస, రెంటికీ నడుమ ఉంటే హకారం పుడతాయని వివరించింది. గ, జ, ద, బలకు, క, చ, త, పలకు ఉన్న తేడా నోట్లో కాక గొంతులో ఉందని దీని అర్థం. అద్దాలు లేవు, శవపరీక్ష లేదు, చెవీ గొంతూ తప్ప మరో సాధనం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ గ్రంథాన్ని అనువదించిన అమెరికన్ పండితుడు విట్నీకి మూసుకోవడం, తెరుచుకోవడం అర్థమయ్యాయి గాని, నడిమి స్థితి కొరుకుడు పడలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పరికరాలు వచ్చాక అలాంటి స్థితి ఉందని తేలింది. ఘ, ధ, భ పలికేటప్పుడు తంత్రులు కొంత కంపిస్తూనే కొంత గాలిని వదిలేస్తాయి. ఇది మన పెద్దలకు అన్నీ తెలుసునని చెప్పుకోవడానికి పనికొచ్చే ఉదాహరణ కాదు. స్వరపేటిక ఎక్కడుంది, ఎందుకుంది అన్న ప్రశ్నలు ప్రాతిశాఖ్యకారులు వేయలేదు. వేసిన ఒక్క ప్రశ్నకు మాత్రం సరైన జవాబు చెప్పారు.

స్వరపేటిక దిగిందన్న వాదం

పుట్టిన బిడ్డ స్వరపేటిక మెడలో మూడు, నాలుగు వెన్నుపూసల ఎత్తున, నాలుకకు దగ్గరగా ఉంటుంది. పెరిగేకొద్దీ దిగుతూ, పెద్దయ్యేసరికి దాని కింది అంచు ఆరో పూస దగ్గరికి వస్తుంది. ఈ దిగుడు వల్ల నోటి గొట్టం అడ్డంగా, గొంతు గొట్టం నిలువుగా, దాదాపు సమాన పొడవుతో ఏర్పడతాయి. నాలుక ఆ మలుపులో గుండ్రంగా కూర్చుని అడ్డానికీ నిలువుకీ రెంటికీ జరగగలదు.

అమెరికన్ శాస్త్రవేత్త ఫిలిప్ లీబర్‌మన్ దీని మీదే తన వాదం కట్టాడు. 1969లో సహచరులతో కలిసి కోతి గొంతును కంప్యూటర్‌తో లెక్కగట్టి, అది చాలా కొద్ది అచ్చులే పలకగలదన్నాడు. 1971లో ఎడ్మండ్ క్రెలిన్‌తో కలిసి, ఫ్రాన్సులో 1908లో దొరికిన ఒక నియాండర్తల్ మనిషి పుర్రె ఆధారంగా, వాళ్ళకు ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు స్పష్టంగా పలికే గొట్టం లేదని ప్రకటించాడు. ఈ మూడూ ఎందుకంత ముఖ్యం? నాలుకను నోట్లో మూడు కొసలకు తీసుకుపోతే వచ్చే అచ్చులివి. నాలుక కాస్త అటూఇటూ జరిగినా చెవికి తేడా రాదు, అందుకే ప్రపంచ భాషల్లో ఎక్కువగా కనిపిస్తాయి. తెలుగుకు మూడూ ఉన్నాయి. డార్విన్ వింతను కూడా లీబర్‌మన్ తన లెక్కలో కలిపేసుకున్నాడు. ప్రాణాపాయం ఉన్నా దిగుడు నిలిచిందంటే దానికి మాటంత గొప్ప లాభం ఉండి తీరాలి అన్నది ఆయన తర్కం.

ఈ వాదానికి ఒక పెద్ద మంచి ఉంది. అంతవరకు ఊహల్లో తేలుతున్న మాట పుట్టుకను కొలిచి చూడగల విషయంగా మార్చింది. తప్పో ఒప్పో తేల్చుకోవడానికి వీలైన మాట చెప్పడం శాస్త్రంలో చిన్న సంగతి కాదు.

ఎదురొచ్చిన సాక్ష్యాలు

మొదటి దెబ్బ ఎముక నుంచి వచ్చింది. ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో సుమారు 60,000 ఏళ్ళ కిందటి నియాండర్తల్ హైయాయిడ్ ఎముక దొరికింది. నాలుక మొదట్లో ఉండి స్వరపేటికను వేలాడదీసే చిన్న ఎముక ఇది. 1989లో వివరాలు వెలువడ్డప్పుడు, అది మన ఎముకకు దాదాపు నకలుగా ఉందని తేలింది. ఎముక ఆకారం తెలిసినంత మాత్రాన అది మెడలో ఎంత ఎత్తున వేలాడిందో తెలియదని లీబర్‌మన్ జవాబిచ్చాడు. ఆ జవాబులో న్యాయం ఉంది. గొంతు అంతా కండా మృదులాస్థీ. మట్టిలో మిగిలేది ఈ ఒక్క ఎముకే. ఒక్క సాక్షితో కేసు గెలవడం ఇరుపక్షాలకూ కష్టమే.

రెండో దెబ్బ జంతువుల నుంచి. జీవశాస్త్రవేత్త టెకుమ్సే ఫిచ్ 2000లో కుక్కలు, పందులు, మేకలు, చిన్న కోతులు అరుస్తుండగా ఎక్స్‌రే వీడియో తీశాడు. చచ్చిన జంతువును కోసి చూస్తే స్వరపేటిక ఎత్తుగానే ఉంటుంది. బతికున్న జంతువు అరిచేటప్పుడు దాన్ని కిందికి లాగుతుంది. కుక్కలో ఆ దిగుడు కొట్టొచ్చినట్టు కనబడింది. మరుసటేడు ఫిచ్, డేవిడ్ రెబీ కలిసి ఎర్ర దుప్పి మగవాటిలో స్వరపేటిక శాశ్వతంగానే కిందికి ఉంటుందనీ, గర్జించేటప్పుడు ఇంకా దిగుతుందనీ చూపారు. దుప్పికి మాటలు లేవు. గొట్టం పొడవైతే గొంతు గంభీరమై, ఎదుటివాళ్ళకు శరీరం ఉన్నదానికంటే పెద్దదిగా తోస్తుంది. మగపిల్లల్లో యుక్తవయసులో గొంతు మారి కంఠముడి పైకి తేలినప్పుడు జరిగే రెండో దిగుడుకు ఈ వివరణ బాగా సరిపోతుంది. పసితనంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా జరిగే మొదటి దిగుడుకు మాత్రం సరిపోదు. దిగుడు మనిషి సొంతమన్న మాటను ఫిచ్ పడగొట్టాడు, మనిషిలో అది ఎందుకు జరిగిందో చెప్పలేకపోయాడు.

2003లో జపాన్ పరిశోధకుడు తకేషి నిషిమురా బృందం చింపాంజీ పిల్లలను ఎంఆర్‌ఐ తీసి, వాటిలోనూ హైయాయిడ్‌కు కిందుగా స్వరపేటిక దిగుతుందని గుర్తించింది. హైయాయిడ్ తానే దిగడం మాత్రం ఆ కొలతల్లో మనిషిలోనే కనిపించింది. ఒకటే అనుకున్న దిగుడు రెండు మెట్లుగా విడిపోయింది. మొదటి మెట్టు చింపాంజీతో ఉమ్మడి.

ఇంట్లోనే దొరికే సాక్ష్యం ఇంకొకటి ఉంది. నోటి గొట్టం, గొంతు గొట్టం సమానమయ్యేది ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో అని లీబర్‌మన్ పక్షమే చెబుతుంది. మూడేళ్ళ పిల్ల ఆవు, ఈగ, ఊయల అన్న మాటలు తడుముకోకుండా అంటుంది. గొట్టం కురచగా ఉన్నా నాలుకను సర్దుకుంటే ఆ మూడు అచ్చుల తేడా నిలుస్తుందని ఫ్రెంచి పరిశోధకుడు లూయీజాన్ బోయే బృందం లెక్కలు కూడా చెప్పాయి. ఇక హల్లులకు గొంతు లోతుతో పనే తక్కువ. పీటర్ లాడెఫోగెడ్, పేరి భాస్కరరావు 1983లో హిందీ, తమిళ, తెలుగు మాట్లాడేవాళ్ళ ట, డలను ఎక్స్‌రేలో పోల్చారు. తెలుగులో, తమిళంలో నాలుక కొస వెనక్కి మడతపడి దాని అడుగు భాగం అంగిలికి ఆనడం కనిపించింది, హిందీలో అంత మడత లేదు. ఆ సామంతా నోటి ముందు భాగంలోనే జరుగుతుంది. స్వరపేటిక ఒక పూస పైన ఉన్నా, కింద ఉన్నా 'టపటప'కు లోటు రాదు.

పొలమారడమనే సుంకం సంగతీ అంత బలంగా లేదు. గొంతులో అడ్డుపడి అమెరికాలో ఏటా సుమారు 5,000 మంది చనిపోతుంటే వారిలో ఎక్కువమంది వృద్ధులు. రెండో ప్రమాదపు గుంపు నాలుగేళ్ళ లోపు పిల్లలు. వాళ్ళ స్వరపేటిక ఇంకా ఎత్తులోనే ఉంది! దవడపళ్ళు పూర్తిగా రాకపోవడం, దారి సన్నగా ఉండటం, మింగడంలో ఇంకా నేర్పు కుదరకపోవడం అక్కడ అసలు కారణాలు. పాలు తాగే పసివాళ్ళు ఊపిరి ఆపకుండానే మింగుతారన్న పాత నమ్మకమూ నిలవలేదు. మింగే క్షణంలో వాళ్ళూ ఊపిరి ఆపుతారని కొలతలు చెప్పాయి. తగవు ఎటు తేలినా, ఆ వయసు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా పెట్టకూడదన్న డాక్టర్ల మాటకు తిరుగులేదు.

కోతి గొంతు మీద కొత్త తగవు

2016లో ఫిచ్, ఆసిఫ్ ఘజన్‌ఫర్ బృందం అరుస్తూ, తింటూ, ఆవలిస్తూ ఉన్న ఒక కోతిని ఎక్స్‌రే వీడియోలో పట్టి, దాని గొట్టం ఎన్ని ఆకారాలు తీసుకోగలదో లెక్కగట్టింది. కోతి గొంతు మాటకు సిద్ధంగానే ఉందని, దాన్ని నడిపే మెదడే సిద్ధంగా లేదని వాళ్ళ తీర్పు. లీబర్‌మన్ ఊరుకోలేదు. ఆ కోతి ఇచ్చే అచ్చుల్లో 'ఈ' లేదు చూడండని మరుసటేడు ఎదురు రాశాడు. అదీ నిజమే. ఆ కోతిలా ఐదు అచ్చులు పలకగలగడం వేరు, మనిషి వాడే అంచుల దాకా పోవడం వేరు. అయితే 'ఈ' లేనంత మాత్రాన భాష పుట్టదని ఎవరూ నిరూపించలేదు. 2017లో బోయే బృందం బబూన్ కోతుల అరుపుల్లోనే అచ్చుల్లాంటి ధ్వనులు వేరుచేసి చూపి, 2019లో మాటకు పునాది రెండు కోట్ల ఏళ్ళకు పైగా వెనక్కి పోవచ్చని రాసింది. అంత దూరం లాగడానికి ఆధారం చాలదని నా అభిప్రాయం. అచ్చు పలకగల గొట్టం ఉండటం, దాన్ని మాటగా వాడటం ఒకటి కావు.

అందరూ స్వరపేటిక ఎత్తును కొలుస్తున్న వేళ 2022లో నిషిమురా బృందం తంత్రులనే చూసింది. 43 జాతుల కోతులు, వానరాల్లో స్వరతంత్రుల అంచున పలుచని పొరలు ఉన్నాయి, మనిషికి లేవు. ఆ పొరలు అరుపును గట్టిగా, కీచుగా చేస్తాయి, నిలకడ మాత్రం ఇవ్వవు. అవి పోవడంతో మనిషికి నికరమైన స్వరం దక్కింది. అలాగే వానరాల మెడలో ఉండే గాలి తిత్తులు మనిషికి లేవు. ఇథియోపియాలోని డికికాలో దొరికిన 33 లక్షల ఏళ్ళ కిందటి బిడ్డ హైయాయిడ్ వానరం ఎముకలా బోలుగా ఉంది, కెబారా ఎముక అలా లేదు. మధ్యలో ఎప్పుడో తిత్తులు పోయాయి. మనిషి గొంతు ఏదో సంపాదించుకుని మాట నేర్చిందని వెతుకుతున్నవాళ్ళకు, కొన్నిటిని వదిలించుకున్న గొంతు కనబడింది. గత ఇరవై ఏళ్ళలో ఈ రంగంలో వచ్చిన కొత్త ఆలోచన అంటే ఇదే.

పట్టు మెదడుదైతే

1940ల చివర్లో హేస్ దంపతులు వికీ అనే చింపాంజీని ఇంట్లో బిడ్డలా పెంచి మాటలు నేర్పబోతే, ఎంతో కష్టం మీద వచ్చినవి నాలుగు మాటలు. గొంతు కుదరలేదని ఒకరు, మెదడు కుదరలేదని ఒకరు దాన్ని తమ వైపు లాక్కున్నారు. మన చిలుక, గోరింక ఆ తగవులో రెండో పక్షానికి సాక్షులు. పక్షికి ధ్వని పుట్టేది గొంతు పైన కాదు, శ్వాసనాళం అడుగున. పెదాలు లేవు, పళ్ళు లేవు, గుండ్రని నాలుక లేదు. అయినా ఇంటిల్లిపాదినీ పేరుపెట్టి పిలుస్తుంది. కొరియాలోని ఒక జూలో కోషిక్ అనే ఏనుగు తొండం నోట్లో పెట్టుకుని కొరియా మాటలు అనడం 2012లో పరిశోధన పత్రంగా వచ్చింది.

మనిషిలో మెదడు పైపొర నుంచి స్వరపేటిక కండరాలను కదిలించే నరాల కేంద్రానికి నేరుగా తీగలు ఉన్నాయని, కోతుల్లో అవి లేవని కైపర్స్, యుర్గెన్స్ పరిశోధనలు చెబుతున్నాయి. కోతి అరుపు భయానికో ఆకలికో దానంతట అదే వస్తుంది. మనిషి కావాలని పలుకుతాడు, కావాలని ఆపుతాడు. ఎలుకల్లోనూ అలాంటి తీగలు పలుచగా ఉన్నట్టు తర్వాత కనబడటంతో, ఉందా లేదా అన్న ప్రశ్న ఎంత ఉంది అన్నదిగా మారింది.

పట్టు అంటే ఏమిటో వరంగల్ చూసినంత దగ్గరగా మరో ఊరు చూసి ఉండదు. నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ఒకే గొంతుతో నాయకులను, నటులను, పక్షులను, ఇంగ్లిష్ సినిమాల యుద్ధ సన్నివేశాలను సంగీతంతో సహా వినిపించేవారు. ధ్వన్యనుకరణను సభామర్యాద ఉన్న కళగా నిలబెట్టినందుకు 2001లో పద్మశ్రీ వచ్చింది. బాపట్లలో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు (1902–1971) మగ గొంతుతోనే సత్యభామను పలికించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. గొట్టం అదే, తంత్రులవే. తంత్రుల బిగింపు, నాలుక జరుపు, స్వరపేటిక ఎత్తు, ఊపిరి వదిలే తీరు మారతాయి. స్వరపేటిక ఎంత దిగింది అన్నదానికంటే ఎంత కదలగలదు అన్నదే గొంతు సంగతి అని వాళ్ళ కచేరీలే చెబుతాయి.

ఊపిరి మీద పట్టు మరో భాగం. కోదాడ, అనంతగిరి వైపు వరి నాట్ల కాలంలో నడుము వంచిన కూలీలు పాట ఎత్తుకుంటే, ఒకరు పాడిన చరణాన్ని మిగిలినవాళ్ళు అందుకుంటారు. వంగి ఉన్నప్పుడు పొట్ట నొక్కుకుని ఊపిరి కురచవుతుంది. అయినా చరణం చివరిదాకా గాలిని కొలిచి వదులుతారు, పీల్చడం మాత్రం చరణాల మధ్య చిటికెలో ముగిస్తారు. ఈ నేర్పుకు ఛాతీ కండరాలను నడిపే నరాలు ఎక్కువ కావాలి. ఆన్ మెక్‌లార్నన్, గ్వెన్ హ్యూవిట్ 1999లో పాత మనుషుల వెన్నుపూసల రంధ్రాలను కొలిచి, ఛాతీ భాగంలో వెన్నుపాము లావెక్కడం మనిషిలో, నియాండర్తల్‌లో కనిపిస్తుందని, అంతకు చాలా ముందటి మనుషుల్లో లేదని చెప్పారు. ఎముకల్లో మాటను వెతికినవాళ్ళకు గొంతు కంటే వీపు మంచి ఆధారమిచ్చిందన్నమాట.

గొంతు పోయినా మాట పోదన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. 1873 చివరి రోజున వియన్నాలో శస్త్రవైద్యుడు బిల్రోత్ క్యాన్సర్ రోగికి స్వరపేటిక మొత్తం తీసేశాడు. ఇప్పుడు ఆ శస్త్రచికిత్స హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. పొగాకు, మద్యం ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణాలు. స్వరపేటిక లేని మనిషి అన్నవాహికలోకి గాలి తీసుకుని దాని గోడలను కంపింపజేసి, లేదా చిన్న కవాటం అమర్చుకుని, నాలుకతో పెదాలతో అదే తెలుగు మాట్లాడతాడు. నాదం మారుతుంది, భాష మారదు.

పక్షాలను పక్కపక్కన పెడితే

నెగస్ పక్షానికి స్వరపేటిక కాపలాదారు, మాట తర్వాత వచ్చి చేరిన అదనపు పని. దీనికి సాక్ష్యం నిండుగా ఉంది, మనిషి ప్రత్యేకతకు వివరణ మాత్రం లేదు. లీబర్‌మన్ పక్షానికి ఆకారమే మూలం; స్పష్టమైన అచ్చులకు లాభం ఉందన్న మేరకు అది నిలుస్తుంది, దిగుడు లేనిదే మాట లేదన్న మేరకు నిలవదు. ఫిచ్ పక్షం కదలికనూ మెదడు పట్టునూ ముందుకు తెచ్చింది. పసివాళ్ళలో దిగుడు ఎందుకన్న చోట తడబడుతుంది. నిషిమురా చూపిన దారి, అంటే పొరలూ తిత్తులూ పోవడం, మిగతా వాటికి పోటీ కాదు, తోడు. మెదడు పట్టు బిగించాలంటే ముందు వాద్యం నిలకడగా మోగాలి గదా.

బలాబలాలు చూస్తే తూకం ఇప్పుడు మెదడు వైపు మొగ్గింది. అంతమాత్రాన గొంతును పక్కకు నెట్టేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. 'ఈ' పలికే సౌలభ్యం మనిషి గొట్టంలోనే ఉందన్న లీబర్‌మన్ కొలత ఇంకా చెక్కుచెదరలేదు.

తేలనివి

పసితనంలో హైయాయిడ్ దిగడం మాట కోసమా, లేక నిటారుగా నిలబడటం, ముఖం కురచ కావడం, నాలుక లోపలికి జరగడం వల్ల వచ్చిన పర్యవసానమా అన్నది తేలలేదు. రెండో దానికి వాదన బాగానే ఉంది, నిరూపణ లేదు. గాలి తిత్తులు ఎప్పుడు పోయాయో రెండు ఎముకల మధ్య ముప్పై లక్షల ఏళ్ళ ఖాళీ చెప్పనివ్వడం లేదు. స్వరతంత్రుల అంచు పొరలకు శిలాజమే ఉండదు గనక ఆ తేదీ జన్యువుల వైపు నుంచి తప్ప రాదు. మెదడు నుంచి స్వరపేటికకు పోయే నేరు తీగల మీద మనిషిలో ఉన్న సమాచారం కొద్దిమంది శవాల మీద పాత పద్ధతుల్లో చూసింది, దాన్ని కొత్తగా చూడాలి. ఇంకో హైయాయిడ్ ఎముక, ఇరవై లక్షల ఏళ్ళ నాటిది ఒక్కటి దొరికితే పై పేరాల్లో సగం మార్చి రాయాల్సి వస్తుంది.

అంతవరకు, మాట కోసమే స్వరపేటిక దిగిందని పాఠాల్లో రాసేవాళ్ళు ఆ వాక్యం చివర 'అన్నది ఒక వాదం' అని చేర్చాలి. స్వరపేటిక మొదటి పని ఊపిరితిత్తుల కాపలా అన్న వాక్యానికి అలాంటి చేర్పు అక్కర్లేదు.